సైటేషన్ల తూకం

జగిత్యాలలో దుకాణం తెరిచిన నాడు నా చేతిలో ఉన్నవి రెండు పాత కంప్యూటర్లు, ఒక బైండింగ్ మిషన్, పదేళ్లు మక్కలు, అంటే మొక్కజొన్నలు, కొని అమ్మిన అనుభవం. నా పేరు ఆగయ్య. లెక్చరర్ల కాగితాలు టైపు చేసి బైండు చేసివ్వడం నా పని.

మొన్న జూన్‌లో ఒక ప్రైవేటు కాలేజీ తమ డిపార్ట్‌మెంటు హెడ్ పోస్టుకు చివరిదాకా మిగిలిన ఇద్దరి వివరాలు పట్టికగా చేసిమ్మంది. ఒకరు కోరుట్ల సురేందర్, ఇంకొకరు సిరిసిల్ల భాగ్యశ్రీ. వాళ్ల పరిశోధన వ్యాసాలను ఇతరులు తమ వ్యాసాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారన్న సైటేషన్ల లెక్కే అందులో అసలు గడి. సురేందర్ 212 అని రాసిచ్చాడు, భాగ్యశ్రీ 88.

వాళ్లిచ్చిన కాగితాల కింద వెబ్‌సైట్ల పేర్లు చూసి ఆగాను. సురేందర్ లెక్క నెట్‌లో దొరికిందల్లా పోగేసే ఉచిత సైటుది. భాగ్యశ్రీది ఎంచిన పత్రికలనే చూసే సైటుది. ఒకరి మక్కలు తడిగా, ఇంకొకరివి ఎండబెట్టి తూచినట్టుంది. ఒకే రోజు ఇద్దరినీ రెండు సైట్లలో వెతికాను. ఉచిత సైటులో సురేందర్‌కు 212, భాగ్యశ్రీకి 240. రెండోదాంట్లో 31, 88. నాలుగంకెలూ తేదీతో సహా వేశాను.

మధ్యాహ్నం సురేందర్ వచ్చి తెర మీద పట్టిక చూశాడు.

“ఏంది ఆగయ్యా గిది? నేనిచ్చిందొకటి, నువ్వు కొట్టిందొకటి!”

“మీ 212 గాడనే ఉంది సార్. పక్కన 31 గూడ మీదే.”

“నిన్నెవడడిగిండ్రా? టైపు కొట్టెటోనివి, టైపు కొట్టు!”

“ఇద్దరికి ఒక్కటే కాంటా వెట్టిన. గంతే సార్.”

జుట్టు పట్టి నా మొహాన్ని బల్లకేసి కొట్టాడు. పన్నొకటి ఊడి కీబోర్డు మీద పడింది. నా ఎడమ చేతిని గుంజి పక్కనున్న పేపర్ కటింగ్ మిషన్ కత్తి కింద పెట్టాడు.

“పద్దెనిమిదేండ్లు పాఠాలు చెప్పిన. గా పోస్టు నాది. నా 31, ఆమె 240 తీస్తవా, తియ్యవా?”

తీసేస్తే చెయ్యి దక్కుతుంది. భాగ్యశ్రీ ఉద్యోగం పోతుంది. రేపట్నుంచి నా పట్టికను ఎవరూ నమ్మరు.

“తియ్య.”

కత్తి దిగింది. రెండు వేళ్లు కాగితాల కట్ట మీద దొర్లాయి. ఆ నెత్తురు చూసి అతను పట్టు వదిలాడు. కుడిచేత్తో మౌసు నొక్కి పట్టికను కాలేజీకి పంపేశాను. అది చూసి కుర్చీ ఎత్తి, పక్క దుకాణాల వాళ్లొచ్చి లాగేదాకా నా పక్కటెముకల మీద బాదుతూనే ఉన్నాడు.

ఆసుపత్రికి భాగ్యశ్రీ వచ్చింది. “అన్నా, నాకు 240 ఉన్నయని నాకే తెల్వది. ఒక్క సైటే చూసుకున్న,” అని ఏడ్చింది.

పోయినవి రెండు వేళ్లు, ఒక పన్ను. మూడు ఎముకలు చిట్లాయి. సురేందర్ జైలుకు పోవడాన్ని లాభంలో వేసుకోను. పోస్టు భాగ్యశ్రీకి వచ్చింది. ఆ కాలేజీ ఇప్పుడు ప్రతి దరఖాస్తుకూ రెండు సైట్ల లెక్కా తేదీతో నా దగ్గరే వేయించుకు రమ్మంటోంది. ఇప్పటికి పదకొండు వచ్చాయి.