అద్దంలో నూనె

దేవిదాస్ గరాటుకు అడ్డం కట్టిన పాతబట్టను సవరించి డబ్బా వంచాడు. నూనె సన్నటి తాడులా దిగింది. కంప్రెసర్ ఆపడంతో ఐసు కార్ఖానా అంతా ఒక్కసారిగా చెవుడు వచ్చినట్టు ఉంది. యంత్రం కడుపులో మిగిలిన గ్యాసు ఘాటుకు కళ్లు మండాయి. తడి తువ్వాలు ముక్కుకు అదిమిపెట్టుకున్నాడే గాని, యంత్రం పక్కన, లోపలి నూనె మట్టం చూపే గుండ్రటి గాజు అద్దం మీంచి చూపు తిప్పలేదు. నూనె అద్దంలో సగానికి వచ్చింది. పోయడం ఆపి, మర బిగించి, మళ్లీ యంత్రం నడిపించాడు.

నిన్నా సగానికే పోశాడు. ఈ ఉదయం వచ్చి చూస్తే అద్దం అడుగున గీతంత మిగిలింది.

రాత్రి డ్యూటీ అయ్యూబ్‌ది. తానూ డబ్బాలోంచి తీసి పోశానంటాడు. డబ్బాలో నూనె తగ్గుతున్న మాట నిజమే. మరి అద్దంలో ఎందుకు లేదు? యంత్రం కారుతోందేమోనని దేవిదాస్ గచ్చు మీద సున్నం చల్లి చూశాడు. ఒక్క మరక పడలేదు. నూనె గది తాళంచెవి పగలు తన మొలతాడుకు ఉంటుంది, రాత్రి అయ్యూబ్ జేబులో ఉంటుంది. మూడో మనిషి లేడు.

అయ్యూబ్ ఇంకా ఇంటికి పోలేదు. గుమ్మంలో నిలబడి సాసర్‌లో చాయ్ ఊదుకుంటున్నాడు. బొద్దు మనిషి, నవ్వితే కళ్లు మూసుకుపోతాయి.

"ఏం దేవన్నా, అద్దంల మొకం చూస్కుంటున్నవా? మల్ల లగ్గం చేస్కుంటవా ఏంది?"

"నూనె చూస్తున్న."

"చూడు, మంచిగ చూడు. రాత్రి నేను పోస్తె పొద్దుగాల్ల ఉంటలేదు. నువ్వే తాగుతున్నవేమో అనుకున్న."

దేవిదాస్ నవ్వలేదు. నింద తన మీదికి రాకముందే ఎదుటివాడి మీద వేసే నవ్వు అది అనుకున్నాడు. అయ్యూబ్ సైకిలెక్కి బజారు వైపు పోయాడు. ఆ సైకిల్ చప్పుడు చేయదు. బోధన్‌లో ఎవరి సైకిల్ చూసినా కిర్రుమంటుంది, అయ్యూబ్‌ది మాత్రం గాలిలా పోతుంది. దేవిదాస్ అది గమనించి చాలా రోజులైంది. గరాటు తుడిచిన గుడ్డను తానూ ఇంటికి తీసుకుపోయి తలుపు బందులకు రుద్దుతాడు. కాని అది మురికి నూనె. దాన్ని ఎవరూ దొంగతనం అనరు.

దేవిదాస్‌ది చందూర్. నాన్న పోయాక అన్న తుకారాం పొలం గట్టును ఏటేటా కొంచెం కొంచెం తమ్ముడి వైపుకు జరిపాడు. అది కనిపెట్టేటప్పటికి దేవిదాస్ వాటా చెరకు సగం అవతలికి పోయింది. అప్పుడు బోధన్ వచ్చి, చక్కెర కార్ఖానా రోలర్లకు గ్రీసు పెట్టే పనిలో చేరి, ఆ తర్వాత ఈ ఐసు కార్ఖానాలో కుదురుకున్నాడు. యాభై దాటాయి. సన్నటి మనిషి, గ్యాసుకు ఎప్పుడూ ఎర్రగా ఉండే ఎడమ కన్ను. గోళ్ల సందుల నలుపు ఏ సబ్బుకూ పోదు. సద్దిమూటకు ఎడమచేతి ముడి వేస్తాడు, ఎవరైనా విప్పి కడితే తెలిసిపోవాలని.

పెళ్లయిన కొత్తలో, పనికి వచ్చేముందు బియ్యం కుండలో చెయ్యి పెట్టి, బియ్యం పైన వేలితో ఒక గీత గీసేవాడు. సాయంత్రం వచ్చి మూత తీసి చూసుకునేవాడు. భార్య రేణుకమ్మ ఆ గీతను ఎప్పుడు చూసిందో తెలియదు. ఏమీ అనలేదు. సిరికొండలో అమ్మకు బాగాలేదని చెప్పి బస్సెక్కింది, మళ్లీ రాలేదు. అడిగినవాళ్లకు దేవిదాస్ ఇప్పటికీ అదే చెబుతాడు, వాళ్లమ్మకు బాగాలేదని.

ఎండ ఎక్కాక ప్రమీలమ్మ పిలిపించింది. భర్త పోయినప్పటి నుంచి కార్ఖానా ఆమే చూసుకుంటోంది. బల్ల మీద ఐసు ముక్క ఒకటి పెట్టి ఉంది, మధ్యలో బోలుగా, తెల్లగా.

"సోడా దుకాణం జాఫర్ వాపస్ పంపిండు. వారం నుంచి గిట్లనే గడ్తున్నది. నూనె సూస్తె డబ్బాలకు డబ్బాలు ఒడుస్తున్నది. నిజామాబాద్ నుంచి భీమన్నను రమ్మన్న. మిషన్ సంగతి ఆయన సూస్తడు. మనుషుల సంగతి నువ్వు చెప్పు."

"నాకేం తెలుసమ్మా."

"తెల్వదంటె ఇద్దరూ ఒద్దు. కొత్తోళ్లను పెట్టుకుంట."

ఈ వయసులో ఎవరు పనిస్తారు? చందూర్‌కు పోతే ఏ గట్టు మీద నిలబడాలి? ఐసు ముక్క బల్ల మీద కరిగి అంచు నుంచి చుక్కలు పడుతున్నాయి.

"రాత్రి నేనుండనమ్మా," అన్నాడు.

అంతే అన్నాడు. ప్రమీలమ్మ తలూపి, వాచ్‌మన్‌ను పిలిచి, ఈ రాత్రి నుంచి పనికి రావద్దని అయ్యూబ్‌కు చెప్పి రమ్మంది. కార్ఖానా వెనక అతనుండే రెండు గదులూ ఆమెవే. కొలువు పోతే ఇల్లూ ఖాళీ చేయాలి. ఆ మాట వేరే చెప్పనక్కర్లేదు.

దేవిదాస్ సద్ది విప్పాడు. ముడి తాను వేసినట్టే ఉంది. ఎన్నో నెలల తర్వాత అన్నం రుచిగా తగిలింది.

పొద్దు వాలుతుండగా భీమన్న దిగాడు. ముసలి మేస్త్రీ, నోట్లో ఆకు వక్క. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, గ్యాసు పైపులు కలిసే ఇనుప తొట్టి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. దాని అడుగున చిన్న నల్లా. దాని మీద అంగుళం మందాన కుంకుమ, ఏళ్లకేళ్ల ఎర్రదారాలు.

"దీన్ని ఇప్పక ఎన్నొద్దులాయె?"

"అది ఇప్పరాదు భీమన్నా. మా మిషన్ మైసమ్మ."

ఒకప్పుడు ఆ నల్లా విప్పిన కూలీకి గ్యాసు మొహాన కొట్టి కన్ను పోయింది. అప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టరు. దసరాకు దేవిదాస్ కుంకుమ పెట్టి దారం చుడితే, అయ్యూబ్ పక్కనే ఊదు వేసి దండం పెట్టేవాడు.

భీమన్న పడీపడీ నవ్వాడు. "మొక్కుండ్రి, ఎవలొద్దన్నరు. మొక్కి ఇప్పుండ్రి. మీరు పోసిన నూనె గ్యాసు ఎంబడి పైపులల్ల వడి పోతది. పోయి పోయి గీడ అడుగున గూసుంటది. దాన్ని తియ్యకుంటె ఐసు ఏం గడ్తది, మన్ను గడ్తదా?"

తడి గోనె మొహానికి చుట్టుకుని, సుత్తితో కుంకుమ పెచ్చులు రాల్చి, నల్లాను వెంట్రుకవాసి తిప్పాడు. ముందు బుసకొట్టింది. తర్వాత నల్లగా, చిక్కగా, చల్లగా నూనె వచ్చింది. బకెట్ నిండింది. భీమన్న ఇంకో బకెట్ తెమ్మన్నాడు. తాను పగళ్లు పోసింది, అయ్యూబ్ రాత్రుళ్లు పోసింది, అంతా వస్తోంది. ఏది ఎవరు పోసిందో తెలియకుండా వస్తోంది.

రెండో బకెట్ పెట్టి దేవిదాస్ ఆఫీసు గదికి పరుగెత్తాడు.

"అమ్మా, నూనె దొరికింది. అయ్యూబ్ భాయ్‌ని పిలువుండ్రి."

"నువ్వే పోయి పిల్చుకరా. నువ్వే గద చెప్పింది."

"నేను పేరు తియ్యలేదమ్మా."

"అవు," అంది ప్రమీలమ్మ. "తియ్యలేదు."

కార్ఖానా వెనక్కి తిరిగేసరికి అయ్యూబ్ వాకిలి ఊడ్చి ఉంది. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల గోడకు మేకులు తప్ప ఏమీ లేవు. పక్కింటి ముత్తవ్వ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ముత్తవ్వా, అయ్యూబ్ భాయ్ ఏడి?"

"పాయె. ఆయన పెండ్లాం మహబూబీ అన్న నాందేడ్‌ల ఉన్నడట. ఉన్నయి మూటలు గట్టుకోని రైలుకు పోయిండ్రు. సైకిలు గూడ ఎవలికో ఇచ్చిండు."

"రైలు పోయిందా?"

"కూత ఇనవడలేదా నీకు?"

విన్నాడు. రెండో బకెట్ పెడుతున్నప్పుడే విన్నాడు.

"నా పేరు తీసిండా?" అని అడిగాడు దేవిదాస్.

ముత్తవ్వ గింజ తీసి అవతల వేసింది. "ఎవలి పేరూ తియ్యలే బిడ్డా."

అరుగు మీద మంచినీళ్ల రంజన్ కుండ ఒక్కటే ఉంది, రైల్లో మోసుకుపోలేనిది. పొద్దున నింపిన నీళ్లు మెడదాకా ఉన్నాయి. చుట్టూ కట్టిన గోనెపట్టా ఇంకా తడిగానే ఉంది, దాని అంచు నుంచి చల్లటి నీళ్లు ఒక్కొక్క చుక్కే అరుగు మీదికి దిగుతున్నాయి.