మధ్యలో నిలబడని గొంతు

ఆదివారం మనవరాలిని ఉయ్యాల్లో వెయ్యాలని ముహూర్తం పెట్టారు. అప్పటి నుంచీ గురునాథరావు ఒక పాత క్యాసెట్టు కోసం ఇల్లంతా తిరగేస్తున్నాడు. అటక మీద సామాను దించాడు, బీరువా పైన చూశాడు, మంచం కింద పెట్టెలు బయటికి లాగాడు. చివరికి అది భార్య కుట్టుమిషను సొరుగులో, బొత్తాల డబ్బా వెనకాల, ఒక జాకెట్టు ముక్కలో చుట్టి ఉంది.

"ఇదిక్కడికి ఎలగొచ్చిందే గౌరీ?"

"నాకేటి తెలుసు?" అంది గౌరీశ్వరి, చిక్కుళ్ళు ఒలుస్తూ.

ఆ రెండు ముక్కలు కూడా గరగరమంటూ వచ్చాయి. మెడకి ఆపరేషనయ్యాక ఆమె గొంతు అలా అయిపోయింది. నాలుగు మాటలు కలిపి అంటే దగ్గు వస్తుంది. ఇంక పాట మాటే లేదు.

వాళ్ళ కుటుంబంలో పిల్లని మొదటిసారి ఉయ్యాల్లో వేసినప్పుడు తొలి జోలపాట అమ్మమ్మే పాడాలి. సత్యశ్రీని వేసినప్పుడు గౌరీశ్వరి తల్లి ఊరి నుంచి వచ్చి పాడింది. ఇప్పుడు సత్యశ్రీ కూతురు యశస్వినికి గౌరీశ్వరి పాడాలి. అందుకే సత్యశ్రీ మద్దిలపాలెం నుంచి ఫోన్ చేసింది.

"నాన్నా, నా చిన్నప్పుడు అమ్మ పాడింది టేపు చేసేవు కదా. దాన్ని ఫోన్లోకి ఎక్కించి తే. అమ్మ ఉయ్యాల పక్కన కూచుంటాది, పాట ఫోన్లో వస్తాది. అమ్మ పాడినట్టే ఉంటాది."

"అలగేనమ్మా," అన్నాడు గానీ గురునాథరావుకి లోపల బెరుగ్గానే ఉంది. ఆ టేపు బాగా రాలేదని అతనికి గుర్తు. అది బాగా రాలేదని అందరి ముందూ అన్నవాడు కూడా అతనే.

స్టీల్ ప్లాంటులో పనిచేసినన్నాళ్ళూ, రిటైరయ్యాక కూడా, గురునాథరావుకి ఉన్న పిచ్చి ఒక్కటే, స్పీకర్లు. గోపాలపట్నంలో ఇల్లు కడుతున్నప్పుడు హాల్లో వైర్లు కనబడకూడదని పట్టుబట్టి గోడల్లో పైపులు పెట్టించాడు. వాటిలో స్పీకర్ వైర్లు ఎవరి చేతా పెట్టనివ్వకుండా తనే లాగాడు. ఆ పైన సిమెంటు, ఆ పైన రంగు. వచ్చినవాళ్ళు, "ఏటి గురువూ, వైరే లేకుండా పాడతన్నాయేటి నీ బాక్సులు!" అంటే ముసిముసిగా నవ్వుకునేవాడు.

కానీ ఏ జత తెచ్చినా అతనికి తృప్తి లేదు. పాట హాలంతా పరుచుకుంటుంది, నిజమే. పాడే మనిషి మాత్రం రెండు పెట్టెలకీ మధ్యన, మన ఎదురుగా నిలబడి పాడినట్టుండాలి కదా. అలా ఉండదు. గొంతు ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు, నీళ్ళ మజ్జిగలా పల్చగా వస్తుంది. డోలు దెబ్బకి బరువుండదు. కొన్నాళ్ళు వినేవాడు, తల అడ్డంగా ఊపేవాడు, ఆ జత ఎవరికో ఇచ్చేసి ఇంకో జత తెచ్చేవాడు. ఆంప్లిఫయర్లు కూడా అలాగే మారాయి. ఇప్పుడు హాల్లో ఉన్న పెట్టెలు మనిషి నడుం దాకా ఉంటాయి. అవి వచ్చి ఏడాది తిరక్కుండానే అతను మళ్ళీ తల ఊపడం మొదలెట్టాడు.

ఇన్ని మార్చినవాడి దగ్గర క్యాసెట్టు వేసుకునే డెక్కు మాత్రం మిగల్లేదు. అది పాత స్నేహితుడు ఎల్లారావు దగ్గరే ఉంటుంది. ఎల్లారావు ఏదీ పారెయ్యడు.

పోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరైన ఎల్లారావు పూర్ణా మార్కెట్ వెనక సందులో, ఎండుమిరపకాయల ఘాటు ఎప్పుడూ తగిలే ఇంట్లో ఉంటాడు. పెళ్ళిళ్ళు కాకముందు వాళ్ళిద్దరూ కలిసి రెండు జతల స్పీకర్లు కట్టుకున్నారు. ఓడల్లో యంత్రాలు దిగే పెట్టెల చెక్క తెచ్చి, ఒకే రంపంతో కోసి, ఒకే జిగురుతో అతికించారు. గురునాథరావు తన జతని కొత్తింట్లోకి వచ్చిన రెండేళ్ళకే వదిలించుకున్నాడు. ఎల్లారావు జత ఇప్పటికీ కిటికీ పక్కనే ఉంది. వెనక వైపు ఏదో దేశం అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు.

"రా బావా రా," అన్నాడు ఎల్లారావు. "ఈసారి ఏ బాక్సుల్ని ఇంట్లోంచి ఎల్లగొట్టేవు?"

"ఎల్లగొట్టడం లేదు. పాట ఎక్కించుకుందామని వచ్చేను. మీ చెల్లిది."

"అబ్బో, అయితే నువ్వా కుర్చీలో కూచో. అది నా కుర్చీ, నీ కోసం లేస్తన్నాను."

ఎల్లారావు క్యాసెట్టు పెట్టి మీట నొక్కాడు. కాసేపు సరసరమని టేపు చప్పుడు. చంటిపిల్ల ఒకసారి మూలిగింది. అది సత్యశ్రీ. తరవాత గౌరీశ్వరి పాడింది.

*ఊడ్పులకెళ్ళిన మీ యమ్మ, ఊసులు తెత్తాది ఊరుకోయే...*

గురునాథరావు కుర్చీలో ముందుకి వంగాడు. ఎదురుగా, రెండు పెట్టెలకీ మధ్యన, ఖాళీ గోడ దగ్గర గౌరీశ్వరి కూర్చునుంది. పాతికేళ్ళు దాటని గౌరీశ్వరి. గొంతు నిండుగా, కింద కొంచెం బొంగురుతో, తాటిబెల్లంలా ఉంది. చరణం చివర ఊపిరి తీసుకోవడం వినబడింది. పిల్ల వీపు మీద చెయ్యి తడుతున్న చప్పుడు వినబడింది. అతను ఇన్నేళ్ళూ ఏ పెట్టెలోనూ దొరక్క వెతుకుతున్నది అదే.

"ఆపు బావా," అన్నాడు.

"ఏటయ్యింది? బాగుంది కదేటి!"

"బాగుంది. అందుకే ఆపమన్నాను."

ఎల్లారావు ఆపి అతని మొహంలోకి చూశాడు. గురునాథరావు లేచి వెళ్ళి ఆ పాత చెక్క మీద చెయ్యి వేశాడు. ఇలాంటి జతనే తను వదిలేశాడు. ఉంచుకుని ఉంటే ఇన్నేళ్ళ తిరుగుడే ఉండేది కాదు.

"నీకెప్పుడూ వీటిని మార్చాలనిపించలేదా? నువ్వే నయం బావా. ఉన్నదానితో తృప్తిగా ఉన్నావు."

ఎల్లారావు గట్టిగా నవ్వాడు. "తృప్తా? నాను ఇంకొకలింట్లో పాట వినను బావా. వింటే ఇవి నచ్చవేమోనని బయ్యం. నీ ఇంటికొచ్చినా టీ తాగీసి టీవీ పెట్టమంటాను, సూళ్ళేదేటి? నాది తృప్తి కాదు, పిరికితనం. ఏదైతేనేటి, కాలం గడిచిపోయింది."

"ఒక్క వారం ఇవి నాకియ్యి. డెక్కు కూడా."

"వారం ఏటి, ఉంచీసుకో అంటాను గానీ... వొద్దులే. ఆదివారం అయ్యాక తెచ్చీ."

ఆటోలో రెండు పెట్టెలనీ రెండు చేతులా పట్టుకుని, డెక్కు ఒళ్ళో పెట్టుకుని గురునాథరావు గోపాలపట్నం వచ్చాడు. పెద్ద పెట్టెలని పక్కకి జరిపి, గోడలోంచి వచ్చిన వైర్లకి ఎల్లారావు పెట్టెలు తగిలించాడు.

"గౌరీ, ఇలా వచ్చి కూచో. నీకొకటి వినిపిస్తాను."

"పొయ్యి మీద కూరుంది," అంది ఆమె లోపల్నుంచి.

సరే, ముందు తను విందామని మీట నొక్కాడు. పాట వచ్చింది. పల్చగా, ఎక్కడిదో తెలియకుండా, నీళ్ళ మజ్జిగలా వచ్చింది. మధ్యలో ఎవరూ లేరు.

గురునాథరావు కదలకుండా కూర్చున్నాడు. ఇవి గంట క్రితం పాడిన పెట్టెలే. అదే డెక్కు, అదే టేపు. ఆంప్లిఫయరు వేరే అనుకుందామంటే, ఈ ఇంట్లో ఆంప్లిఫయరు ఎన్నోసార్లు మారింది, ఈ రోగం మాత్రం పోలేదు. ఈ ఇంట్లో మొదటి నుంచీ మారనిది ఏదా అని చూసుకుంటూ పోతే అతని చూపు గోడ మీద ఆగింది.

అటక మీద ఉన్న వైరు చుట్ట తెచ్చాడు. గోడ వైర్లు ఊడదీసి, కొత్త వైరు నేల మీదే పరిచి కలిపాడు. మీట నొక్కాడు.

టేపులోని గౌరీశ్వరి వచ్చి గోడ దగ్గర కూర్చుంది.

తరవాత అతను పాట ఆపి, పెట్టెలకి గోడ వైర్లే మళ్ళీ తగిలించి, టార్చిలైటులోంచి ఒక సెల్లు తీసి ఆ వైర్ల అవతలి చివర ఆనించి చూశాడు. కుడివైపు పెట్టెలో స్పీకరు కాగితం ముందుకి పొంగింది. ఎడమవైపుది లోపలికి పోయింది. ఒకటి ఊదుతుంటే ఒకటి పీలుస్తోంది. రెండూ కలిసి మధ్యలో ఉన్న మనిషిని మింగేస్తున్నాయి. అప్పట్లో రెండు పాయలూ నల్లగానే ఉన్న వైరు తెచ్చి, గుర్తు కోసం ఒక పాయకి ఎర్రదారం కట్టి గోడలోకి తోశాడు. అవతలి చివర ఇంకో దారం కట్టినప్పుడు ఎడమవైపు పాయ తప్పింది. పెట్టెలు తగిలించే ముందు ప్రతిసారీ పెట్టెల్ని సెల్లుతో పరీక్ష చేసేవాడు. తను లాగిన వైరుని పరీక్ష చెయ్యాలని ఒక్కసారీ తోచలేదు. వచ్చిన ప్రతి జతనీ తప్పు పట్టాడు.

ఒక్క పెట్టెల్నే కాదు.

ఆ రోజు అతనికి బాగా గుర్తుంది. మంచి మైకు తెచ్చి గౌరీశ్వరి చేత పాడించాడు. మర్నాడు ప్లాంటు స్నేహితులు వస్తే హాల్లో వేసి వినిపించాడు. గొంతు తేలిపోయింది. ఎవరూ ఏమీ అనకముందే అతనే అన్నాడు, "మా ఆవిడిది పల్చటి గొంతురా. టేపుకి ఎక్కదు." అందరూ నవ్వారు. పకోడీల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ గౌరీశ్వరి కూడా నవ్వింది. ఆ తరవాత అతను ఇంట్లో ఉన్నప్పుడు ఆమె పాడలేదు. అతను లేనప్పుడు పాడిందో లేదో అతనికి తెలియదు. నేల మీది వైరు మళ్ళీ కలిపి, పాట మొదటి నుంచీ వేశాడు.

"ఎవలదండీ ఆ గొంతు?"

గౌరీశ్వరి వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడి ఉంది.

"నీదే."

"నాదేటి, నాది పల్చన కదా."

అతను టేపు ఆపలేదు. చెప్పడం మొదలెట్టాడు. వైరు, ఎర్రదారం, ఎడమవైపు. సగం చెప్పాక తన మాటలు తనకే చేదుగా తగిలి ఆగిపోయాడు.

ఆమె వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి చూసింది, అక్కడేదో తగులుతుందన్నట్టు.

"అయితే తప్పు గోడలో ఉందేటి? నాలో ఉందనుకున్నాను," అంది. కోపంగా అనలేదు. దగ్గొచ్చి పైట అడ్డం పెట్టుకుంది.

అంతలో జోలపాట అయిపోయింది. టేపులో గౌరీశ్వరి గొంతు సవరించుకుని, "ఇంకోటి పాడతాను, ఉండండి," అంది. ఆ మాట వినగానే ఇద్దరూ తలెత్తారు. పాట ఎత్తుకుంది. రెండు మాటలు వచ్చాయో లేదో ధన్‌మని డోలు దెబ్బ పడింది. ఆ పైన ఏదో ఊరేగింపు బాజా హోరుమంది.

గురునాథరావు గబగబా మీట నొక్కి టేపు ముందుకి తిప్పాడు. బాజా. ఇంకా ముందుకి. బాజా. రెండో వైపు వేశాడు. అటు కూడా అదే. పల్చటి గొంతు ఎందుకులే అని, కొత్త పెట్టెల్లో డోలు ఎలా పలుకుతుందో చూడ్డానికి, అప్పట్లో తనే ఆ టేపు మీద బాజా ఎక్కించాడు.

"ఇంకెన్ని పాడేవే ఇందులో?"

"నిండా పాడేను," అంది గౌరీశ్వరి. "మా యమ్మ పాటలన్నీ." కూర మాడు వాసన వస్తుంటే లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు అతను ఎడమవైపు వైర్లు తిప్పి కట్టాడు. క్షణం పని. పెద్ద పెట్టెల్లో కూడా మనిషి మధ్యలో నిలబడ్డాడు. ఇంక ఏ లోటూ లేదు.

"గౌరీ, ఇంకెప్పుడూ మార్చను. ఇవే నాకు ఉన్నంతకాలం," అని వంటింటి వైపు తిరిగి చెప్పాడు.

"మారిస్తే ఏటి, మార్చకపోతే ఏటి ఇప్పుడు," అంది ఆమె.

ఆదివారం మద్దిలపాలెంలో సత్యశ్రీ ఇల్లు నిండిపోయింది. ఉయ్యాలకి బంతిపూలు కట్టారు. సత్యశ్రీ తన ఫోన్లో పాట పెట్టింది. మాట్లాడుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగారు.

"ఎవలమ్మా ఇంత బాగా పాడినాది?" అంది వియ్యపురాలు పోతమ్మ.

"మా అమ్మే అత్తా," అంది సత్యశ్రీ.

"ఇలాంటి గొంతుంచుకుని ఇన్నాళ్ళూ ఒక్క పాటా వినిపించలేదేటి వదినా!"

గౌరీశ్వరి ఉయ్యాల తాడు సవరించింది. గురునాథరావు కిటికీ వైపు తిరిగాడు.

పాట అయిపోయింది. రెండో పాట ముందే ఆగేలా అతనే కత్తిరించి ఎక్కించాడు. అక్షింతలు వేసి అందరూ భోజనాల వైపు కదిలారు. గౌరీశ్వరి మాత్రం అక్కడే ఉండిపోయింది. ఉయ్యాల మీదికి వంగి, పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, ఏదో అనడం మొదలెట్టింది. చెయ్యి పిల్ల పొట్ట మీద తాళంగా ఆడుతోంది. అది ఆ రెండో పాటే అని గురునాథరావుకి అర్థమైంది.

అతను రెండు అడుగులు దగ్గరికి వేశాడు. ఆమె చూసి ఆపేసింది.

అతను మళ్ళీ వెనక్కి, గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాడు. కాసేపటికి ఆమె పెదాలు మళ్ళీ కదిలాయి. వడ్డనల గోలలో, అంత దూరం నుంచి, అతనికి ఒక్క మాటా వినబడలేదు.