డెబ్బై రెండు గంటల సరుకు

ఆ ఉదయం జాన్ సాహెబ్ చేతిలో ఉన్న సరుకల్లా ఆరు ఫ్లాస్కులు. మొక్కజొన్నను తినే కత్తెర పురుగు కణాలు వాటిలో పెరుగుతున్నాయి. మూడు రోజుల కిందటి సాయంత్రం వాటికి ఎక్కించిన వైరస్ సీసాలో చుక్క కూడా మిగల్లేదు. ఈ ఆరూ పోతే పరిశోధకురాలు సనా మూడేళ్ల పని పోయినట్టే.

ఆయనకు యాభై తొమ్మిదేళ్లు. ఎండిన మనిషి, వేళ్ల కొసల్లో ఎప్పుడూ నీలం మరక. నరసరావుపేటలో ఇరవై రెండేళ్లు పురుగుమందుల కొట్లో గుమాస్తా, ఆరేళ్లుగా ఈ చిన్న ల్యాబులో సహాయకుడు. అక్కడ పురుగును చంపే మందు అమ్మాడు, ఇక్కడ పురుగు కణాన్ని ఇరవై ఏడు డిగ్రీల దగ్గర మేత ద్రవం పోసి బతికిస్తున్నాడు. బేరం తిరగబడిందంతే.

వైరస్ తమలోకి మోసుకొచ్చిన మానవ జన్యువును చూసి ఆ కణాలు ఒక ప్రొటీన్ తయారుచేస్తాయి. క్యాన్సరు కణాన్ని చావమని చెప్పే ప్రొటీన్ అది. చిక్కేమిటంటే, తయారుచేసే కణాన్నీ అది వదలదు. ముందుగా తీస్తే సరుకు తక్కువ. ఆలస్యమైతే కణం పగిలి, సరుకు ముక్కలై ఎందుకూ పనికిరాదు. డెబ్బై రెండు గంటలకు తీయాలని సనా కాగితం మీద రాసింది. ఇంతకుముందు రెండుసార్లు అలాగే తీశారు. రెండుసార్లూ చచ్చు సరుకే.

నీలం రంగు కలిపిన బొట్టును గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూశాడు. చచ్చిన కణం నీలం తాగుతుంది. వందకు ముప్పై నీలం. మిగతావి ఉబ్బి తళతళలాడుతున్నాయి. శనగచేలో వైరస్ మందు తగిలిన పురుగు కొమ్మ చివర తలకిందులుగా వేలాడుతూ ఇలాగే ఉబ్బేది, తాకితే చితికి నీళ్లయ్యేది. రైతులు కవర్లో తెచ్చి కొట్టు బల్ల మీద పోస్తే, అది ఇంకెన్ని గంటలుంటుందో ఆయన చూసి చెప్పేవాడు.

గడియారం చూశాడు. అరవై మూడు గంటలు. పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి లారీల వెనక ఇరుక్కున్న సనాకు ఫోన్ చేశాడు.

“అమ్మా, ఇప్పుడే తీద్దాం.”

“ఇంకా తొమ్మిది గంటలుంది కదా చాచా. కాగితంలో ఏం రాసుకున్నాం?”

“కాగితం నువ్వు చదివావు. అవి చదవలేదుగా.”

అటు నవ్వు. “తక్కువొస్తేనో?”

“తక్కువే వస్తది. వచ్చిందన్నా పనిచేస్తది. సాయంత్రం దాకా ఆగితే మిగిలేది నీళ్లే.”

“ఏందో, నీ పురుగుల సంగతి నీకే తెలుసు. తీసెయ్.”

సెంట్రిఫ్యూజులో తిప్పితే అడుగున చిటికెడు తెల్లని ముద్ద పేరుకుంది. ఆరు ముద్దలనూ ఫ్రీజర్లో పెట్టి, ఎడమ భుజం నొక్కుకుంటూ కాసేపు స్టూలు మీద కూర్చున్నాడు. సాయంత్రం సైకిలు మీద బరంపేటలోని ఇంటికి పోయాడు. భోంచేసి పడుకున్నవాడు తెల్లవారి లేవలేదు. భార్య బషీరున్నీసా ల్యాబుకు ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నం నమాజు తర్వాత ఖననం జరిగింది.

రెండు రోజుల తర్వాత సనా ముద్దలను కరిగించి ప్రొటీన్ వేరుచేసింది. అనుకున్నదాంట్లో మూడో వంతే వచ్చింది. దాన్ని క్యాన్సరు కణాల మీద వేసి, మర్నాడు తానే నీలం కలిపి లెక్కపెట్టింది. వెనకటి రెండుసార్లూ చచ్చినవి వందకు నాలుగు దాటలేదు. ఈసారి ఎనభై ఒకటి.

ఆరు ఫ్లాస్కులకు తేలింది అది. పురుగు కణాలను పెంచే పెట్టె మూయబోతే కింది అరలో, వెనగ్గా, వైరస్ తగలని కణాల చిన్న ఫ్లాస్కు ఒకటి కనిపించింది. దాని మూతకు అంటించిన కాగితం మీద జాన్ సాహెబ్ రాత: ‘గురువారం మేత మార్చాలి.’