పిల్లర్ చువ్వల నీడ

ఆరేళ్లలో పెట్టుబడి తిరిగొచ్చేస్తుందంటే ఆ తర్వాత కరెంటు ఉచితమనేగా అర్థం, ఉచితంగా వచ్చేదానికి ఇంత మల్లగుల్లాలెందుకు, లక్షా ఎనభై వేలలో సబ్సిడీ డెబ్బై ఎనిమిది పోతే మిగిలేది లక్షా రెండు, బిల్లు వేసవిలో రెండున్నర వేలు, చలికాలంలో తొమ్మిది వందలు, సగటున పదిహేను వందలనుకుంటే ఏడాదికి పద్దెనిమిది వేలు, ఇదిగో, ఆరేళ్లకు అటూ ఇటూగా సరిపోయింది, లెక్క కుదిరింది, కుదిరినా మనసు కుదరడం లేదు, ఈ సోలార్ కంపెనీ మనిషి వీరేంద్ర ఎండలో టేపు పట్టుకుని డాబా అంతా కొలిచేసి, అంకుల్, ఈ పిల్లర్ల సువ్వలు కోయించెయ్యాలండి, ఈటి నీడ పడితే పేనెల్ సరిగ్గా పన్జెయ్యదండి, అన్నాడు, ఎంత మామూలుగా అన్నాడని, పెరిగిన గోళ్లు తీయించుకోమన్నట్టు, ఆ చువ్వలు మా తమ్ముడు సత్తిరాజు మేడ కట్టుకోవడానికి వదిలినవని అతనికేం తెలుసు, కోసేస్తే ఇక పైన మేడ లేవదు, నీకిక్కడ చోటు లేదురా అని నేనే వాడికి చెప్పినట్టు కాదూ, అసలే మూడేళ్లుగా ఈ గుమ్మం తొక్కడం లేదు.

చూద్దాం లే బాబూ అన్నాను, అతను నీడలోకి వెళ్లి ఫోన్ చూసుకుంటున్నాడు, నేనిలా వాటర్ ట్యాంకు పక్కన నిలబడి మళ్లీ మొదటి నుంచీ లెక్క కడుతున్నాను, ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయట, నాకిప్పుడు యాభై ఎనిమిది, ఇన్వర్టరు మాత్రం పదేళ్లేనట, మరి దాని ఖర్చు ఏ ఖాతాలో వేయాలి, ఇంకో విడ్డూరం, వీధిలో కరెంటు పోతే మన సోలారు కూడా ఆగిపోతుందట, నెత్తిన సూర్యుడు మండుతుంటే కింద ఫ్యాను తిరగదు, ఇదేం సంబడమయ్యా అంటే, లైన్ మీద పన్జేసే మనిషికి షాక్ కొట్టకుండా అండి అన్నాడు, సరే అదీ న్యాయమే, పగలు మిగిలింది లైనులోకి పోతుందట, రాత్రికి మళ్లీ మనమే తీసుకుంటామట, బలిఘట్టం వైపు నుంచి వచ్చే కోతులు వీటి మీద జారుడుబల్ల ఆడితే, తుఫానొస్తే, దుమ్ము కడగడానికి ఈ మోకాళ్లతో రోజూ ఎవడెక్కుతాడు, ఆర్డీవో ఆఫీసు ఎదురుగా జెరాక్స్ షాపు పెట్టుకుని ఊళ్లో అందరి దరఖాస్తులూ చూసినవాణ్ణి, ఇక్కడ సంతకం పెట్టు, అక్కడ వేలిముద్ర వెయ్యి అని అందరికీ చెప్పేవాణ్ణి, నా దరఖాస్తు దగ్గరికొచ్చేసరికి పెన్ను కదలదు, కింద నుంచి రాజేశ్వరి, ఏటండి, ఈదిలో అందరూ ఏయించేసుకున్నారు, ఊరందరిదీ ఒక దారి, మీదొక దారీ, అని దెప్పుతోంది, కట్టుకున్న పెళ్లామే ఉలిపికట్టె అంటే ఇంకేం చెప్పాలి.

అసలు మేడ కట్టి అద్దెకిస్తే నెలకు ఐదు వేలు రావూ, కరెంటు ఆదా కంటే అదే లాభం కదూ, లాభమే, కానీ కట్టడానికి పదిహేను లక్షలు ఎవడిస్తాడు, ఈ లెక్కలన్నీ ఎటు తిప్పినా ఆ చువ్వల దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి, స్లాబు వేసిన మర్నాడు సత్తిరాజు ప్యాంటు పైకి మడిచి, పైపు పట్టుకుని నీళ్లు కొడుతూ, అన్నియ్యా, కింద నువ్వు, పైన నాను, పొద్దున్న నీ కాఫీ వాసనకే లేస్తాను, అని నవ్వాడు, అప్పుడే కొండ మీద చింతపల్లిలో మాస్టరు ఉద్యోగం, రెండేళ్లలో ట్రాన్స్‌ఫర్ అనుకున్నాం, అక్కడే సోమలమ్మను చేసుకున్నాడు, బంగారంలాంటి పిల్ల, వాళ్ల పుట్టింటివాళ్లిచ్చిన కాఫీ తోట చూసుకుంటుంది, తర్వాత పిల్లలు, అక్కడి చలి అలవాటైపోయింది, నేను మాత్రం ఏటా చువ్వలు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూస్తూనే ఉన్నాను, వాడొచ్చిన ప్రతిసారీ భోజనం కాగానే పైకి తీసుకొచ్చి, ఇదిగో సోమలమ్మకు వంటగది, ఇది మీ పడకగది, పిల్లలకిక్కడ, అని సుద్దముక్కతో గీసి చూపించేవాణ్ణి, వాడు ఊఁ కొట్టేవాడు, తర్వాత పరీక్షలన్నాడు, కాఫీ పళ్లు కోతలన్నాడు, ఘాట్ రోడ్డు బాగోలేదన్నాడు, బస్సు కండక్టరు చేత మిరియాల పొట్లం పంపిస్తాడు గాని తను దిగడు, అలిగాడు, మేడ మొదలుపెట్టలేదనే అలిగుంటాడు, ఆ పైన ఈ రంపం కూడానా.

వాణ్ణే అడిగేస్తే సరి, వద్దన్నియ్యా అంటే వీరేంద్రను పంపించేయొచ్చు, లక్షా రెండు మిగులుతుంది, తమ్ముడూ మిగులుతాడు, ఫోన్ చేశాను, స్కూల్లో ఉన్నట్టున్నాడు, వెనక పిల్లల గోల, ఒరే, సోలారు పెట్టిద్దామనుకుంటున్నాను, చువ్వలు కోయాలంటున్నారు, నువ్వు వద్దంటే మానేస్తాను, అన్నాను, గోల తగ్గింది, బయటికి నడిచినట్టున్నాడు, కోయించీ అన్నియ్యా, నీకు పున్నెవుంటాది, అన్నాడు, వొచ్చిన పెతీసారీ మేడెక్కించి ఇక్కడ వంటగది, ఇక్కడ పడగ్గది అని సూపిస్తావు, నాను ఈ కొండ దిగి రాలేను, ఆ మాట నీ మొహం మీద సెప్పలేక రావడవే మానేసినాను, అలకేటి, నీ మీద నాకు అలకేటి అన్నియ్యా, కోయించీ, వొచ్చే ఆదోరం అందరం వొస్తాం, నీ గదిలోనే సాప ఏసుకుని పడుకుంటాం.

నేనేమన్నానో గుర్తులేదు, సరే రా అన్నాననుకుంటాను, కళ్లు తుడుచుకుంటుంటే వీరేంద్ర దగ్గరికొచ్చి ఏటైందంకుల్ అన్నాడు, కోసే మనిషిని పిలు బాబూ అన్నాను, దానికెంతవుతుందని అడగలేదు, లెక్కలన్నీ ఎటో పోయాయి, ఆరేళ్లో పదేళ్లో తిరిగొస్తే రానీ పోతే పోనీ, మూడేళ్లు వాడికి కోపమొచ్చిందని కుమిలిపోయాను, వాడికి కోపం లేదు, వాడు వచ్చి ఉండాలని నేను కలగన్న మేడే వాణ్ణి నా ఇంటికి రానివ్వలేదు, అంతే.