మీసం కింద గాలి

మొగుడు రాత్రిళ్ళు గదిలోంచి గెంటేస్తున్నాడట, పాపం ఆవిడ మెట్ల మీద కూర్చుని తెల్లవారబెడుతోందట, మీ ఇంటి గురించి మేడ మీదావిడ అలా అన్నదని ఇస్త్రీ షాపతను పొద్దున గడ్డం గీయించుకుంటూ చెప్పి, మనకెందుకులే, చెవిన పడింది కాబట్టి చెప్పాను అని బుగ్గ ఉబ్బించి పెట్టాడు, ఇక్కడ ఇంకోసారి లాగు అన్నట్టు, ఆ మాట ఇప్పుడు సగం దించిన షట్టరు కింద, ఖాళీ సెలూన్‌లో, తన కుర్చీలో తనే కూర్చున్న ఆ మనిషి చెవిలో ఈగలా తిరుగుతోంది, గెంటేస్తున్నాడట, గెంటడమెందుకు, ఆవిడే లేచి బయటికి పోతోంది, ఈ గురకకి గోడలే లేచిపోవాలి, ఆవిడెంత, పక్కన పడుకున్నది మొగుడో రంపపు మిల్లో తెలియకపోతే ఏ ఆడదానికైనా రోత పుట్టదా, అద్దంలో ఆ మీసం చూడు, షాపుకి బోర్డు అక్కర్లేదు, మీసాలాయన షాపు అంటే ఎవరైనా దారి చెబుతారు, కింద పెట్టిన కత్తెర మాత్రం అతని చేతికి దగ్గరగా ఉంది.

నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందన్నాడు డాక్టరు, అందుకే పగలు నిలబడ్డచోటే కళ్ళు మూసుకుపోతున్నాయన్నాడు, సీపాప్ అని ఒక మెషిన్ ఇప్పించాడు, గొట్టంలోంచి గాలి తోస్తూనే ఉంటుంది, ముక్కూ నోరూ కప్పే మాస్కు మొహానికి అతుక్కుంటే మనిషి హాయిగా నిద్రపోతాడు, అతుక్కోకపోతే మూత సరిగ్గా పడని కుక్కరులా బుస్సుమని గాలంతా కళ్ళలోకి కొడుతుంది, మొదట పట్టీలు బిగించాడు, పొద్దున బుగ్గల మీద వాతలు చూసి ఎవరు కొట్టారన్నా అని అడిగినవాళ్ళకి నవ్వే జవాబు, తర్వాత గడ్డం తీసేశాడు, అయినా పై పెదవి దగ్గర బుస్సు ఆగలేదు, వెంట్రుకల సందులోంచి గాలి పోతుంది, అది కనిపెట్టడానికి మంచి పనివాడే కావాలా, అయితే వెంట్రుకలు అణిచేస్తే సరి అనుకున్నాడు, తన తెలివికి తనే మురిసిపోయి షాపులోని మీసం మైనం తెచ్చి గోడకి గచ్చు పెట్టినట్టు దట్టంగా మెత్తాడు, మాస్కు జర్రున జారి గడ్డం కిందికి పోయింది, నాలుగు రోజులకి దాని మెత్తటి అంచు ఉబ్బి జిగురు సాగింది, నిన్న మాస్కులు అమర్చే అమ్మాయి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఏం పూశారండీ దీనికి అంటే, చెమటమ్మా అన్నాడు, ఆ పిల్ల వాసన చూసి, మీ చెమట మంచి సెంటు వాసనండీ అంది, ఆ నేల ఎక్కడైనా కాస్త పగిలి ఉంటే అందులో దూరేవాడు.

మీసాలున్నవాళ్ళకనే ఇంకో రకం ఉందండీ, ముక్కు కింద రెండు మెత్తటి బుడిపెలంతే, మీసానికి తగలవు, అంటూ పెట్టి చూసింది, అతని గుండె ఒక్కసారి తేలికైంది, అంతలోనే ఎడమపక్క మళ్ళీ బుస్సు, ఆ పిల్ల తల వంచి, ఈ పక్క ముక్కు కిందికి లాగేసినట్టుందే, మీసం కింద పాత కుట్టేమైనా ఉందా, చూపిస్తే దానికి తగ్గది వెతుకుదాం, లేదంటే మీసం తీసేయండి, పెద్ద మాస్కే చక్కగా కూర్చుంటుంది అంది, అంతే, గభాల్న లేచాడు, ఏమీ లేదమ్మా, పుట్టుకతో ముక్కే అంత, బయట బల్ల మీద భార్య నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, లోపలికి రావద్దన్నది అతనే, కుదిరిందా అని ఆవిడ అడిగితే ఆ సైజు లేదట అన్నాడు, ఆవిడ అతని మీసం వంక చూసి నీళ్ళ సీసా అతని చేతికిచ్చింది, చూసిందా, అలా అనిపించిందా.

పుట్టుకతోనే, ఆ మాట అబద్ధం కాదు, చీలిన పెదవితో పుట్టాడు, కుట్టించారు, కుట్టు వంకరగా అతికింది, బళ్ళో మొర్రోడా అని తప్ప ఎవరూ పిలిచేవారు కాదు, చుట్టాలొస్తే అమ్మ తువ్వాలు చేతికిచ్చి, నోటికడ్డం పెట్టుకో నాన్నా, జలుబని చెబుదాం అనేది, ఏడాది పొడుగునా జలుబున్న పిల్లాడు, మీసం దట్టంగా వచ్చాక తువ్వాలు మాని ఈ పనిలోకి వచ్చాడు, సెలూన్‌లో కూర్చున్నవాడు అద్దంలో తన మొహం తప్ప గీసేవాడి మొహం చూడడు, అంతకన్నా మంచి చాటు ఏముంటుంది, పెళ్ళినాటికే మీసం ఉంది, ఆవిడకి ఇప్పటికీ తెలియదు, ఆవిడ చెయ్యి మొహం మీదికి వస్తే అటు తిరుగుతాడు.

కానీ పోయిన వారం దర్జీ పెద్దాయన, షాపు తెరిచినప్పటి నుంచీ వస్తున్న మనిషి, ఈ కుర్చీలోనే మెడ పైకెత్తి కళ్ళు మూసుకుని ఉన్నాడు, ఇతని కళ్ళూ మూసుకున్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు, ఒరే అబ్బాయ్ అన్న కేక, తెల్లటి నురగలో ఎర్రటి గీత, పటిక రుద్దుతూనే, గుటక వేశావు పెద్దాయనా, కదలొద్దన్నానా అంది ఇతని నోరు, పెద్దాయన పాపం, నిజమే, నాదే తప్పురా అన్నాడు, ఇవాళ మళ్ళీ వచ్చాడు కూడా, ఈసారి కత్తి మెడ మీదికి రాగానే ఊపిరి బిగబట్టాడు, ఉమ్మి మింగకుండా నోట్లోనే పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా కదలకుండా కూర్చున్నాడు, ఎందుకట, ఎవరికోసమట, ఒక పెద్దమనిషి తన ఉమ్మి తను మింగడానికి భయపడుతున్నది ఈ మీసం కోసం, ఇంతే, ఇన్నాళ్ళూ సిగ్గుపడవలసింది ఒకదానికైతే సిగ్గుపడింది ఇంకొకదానికి, అతను కత్తెర అందుకున్నాడు, కత్తెర తర్వాత నురగ, నురగ తర్వాత కత్తి, అద్దంలో, చేయి తిరగనివాడు వేసిన కుట్టులాంటి పెదవి.

షట్టరు కింద వంగి భార్య అన్నం డబ్బాతో లోపలికి వచ్చింది, అతని చెయ్యి దానంతటదే తువ్వాలు లాక్కుని నోటికి అడ్డం పెట్టింది, చూడొద్దు, పుట్టుకతోనే ఉంది, నీకెప్పుడూ చెప్పలేదు, రోత పడతావని, అన్నాడు తువ్వాలు వెనకనుంచి, ఆవిడ డబ్బా కింద పెట్టి కొంగుతో చెయ్యి తుడుచుకుంది, చెప్పడానికేముంది, నా వేలికి తెలియదా, నీకు ఊపిరి ఆగినప్పుడల్లా మీసం కింద ఆ గుంటలోనేగా వేలు పెట్టి చూసేది, మళ్ళీ గాలి తగిలేదాకా పెట్టి, ఆ తర్వాత నిద్ర పట్టక వెళ్ళి మెట్ల మీద కూర్చుంటున్నాను, నువ్వు బతికున్నావో లేదో రోజూ అక్కడే చూస్తున్నాను, తువ్వాలు తియ్యి.