ఉయ్యాలబల్లపై మిగిలిన సగము

వర్షర్తువు కడచి శరత్కాలము ప్రవేశించిన యొకానొక ప్రాతస్సమయమున, గౌతమీముఖమునుండి వీచు లవణగంధబంధురమారుతము తాళ్ళరేవునందలి యోడల మోకులను మెల్లమెల్లగ కదల్చుచుండ, వృద్ధయైన సూరాంబ వసారాలో కూర్చుండి కొయ్యను నునుపుచేయు నొక పాత తుమ్మచిత్రికను కొంగుతో తుడుచుచుండెను. ఒకరు వెనుకనుండి త్రోయగా వేఱొకరు ముందరి పిడిని పట్టి లాగవలసిన పెద్దచిత్రిక యది. ఓడవడ్రంగియైన ఆమె భర్త పాపాచారి చేతిది. ఆతడు యౌవనమున కడలి కావలనున్న రంగమునకేగు నోడనెక్కి మఱల రాలేదు. చనిపోయెనన్న వార్తయు రాలేదు.

పయనమునకు ముందాతడు తామిరువురును కూర్చుండుటకై టేకున నొక ఉయ్యాలబల్ల చేయుచుండెను. భార్య కూర్చుండు సగమును అద్దమువలె నునుపుచేసి, తన సగమును గఱుకుగనే విడిచి, "వచ్చి ముగించెదను" అని పలికి వెడలెను. నాటినుండి యా బల్ల గోడకు చేరబడియే యుండెను.

మఱది లింగాచారి వచ్చి, చిత్రిక చీలను తట్టి యూడదీసి, త్రుప్పుపట్టిన అలుగును సానరాతిపై నూఱి, వంగిన అడుగును సరిచేసి, నువ్వులనూనె పట్టించెను. చిత్రిక వెనుకభాగమున అన్న అరచేయి యొరసి యొరసి త్రవ్విన పల్లమును మాత్రము ముట్టలేదు.

"ఇక ఆ బల్లను ముగింపుము" అని సూరాంబ పలికెను.

ఆతడు చేతులు వెనుకకు తీసికొనెను. "వదినా! ఒకరు మొదలిడిన కొయ్యను వారు బ్రదికియుండగా వేఱొక చేయి ముగింపరాదని మనవారి కట్టుబాటు గదా! నేను ముగించితినేని అన్నను నేనే చంపినవాడనగుదును. తీరా ఆయన వచ్చెనా, ముందుగ నా వీపునకే చిత్రిక పట్టును!"

"ఆయన రాకకంటె నీ వీపును గూర్చియే నీకు బెంగ హెచ్చు" అని యెత్తిపొడిచి, అంతలోనే, "నేను పోయిన పిమ్మట వచ్చినయెడల ఆయన గఱుకుబల్లపై కూర్చుండవలయునా?" అని యామె యడిగెను.

అంతట సూరాంబ చిత్రిక ముందరి పిడిని చూపెను.

"నాడు త్రోసినది మీ యన్న. ఈ ముందరి పిడిని లాగినది నేను. నాది వేఱొక చేయి యెట్లగును?"

లింగాచారి బల్లను దించి పీటలపై పఱచెను. సూరాంబ భర్త నిలిచిన చోట నిలిచి, తన చేతికి మిక్కిలి పెద్దదైన యా పల్లమున అరచేయి నుంచెను. లింగాచారి యలవాటుచొప్పున ముందరి పిడిని పట్టబోగా ఆమె వలదని తల యూపెను. చిత్రిక కదలెను. పలుచని పొట్టు చుట్టలు చుట్టుకొని వెలికి వచ్చుచుండ, ఎదుటనున్న యా రిక్తమైన పిడి, ఎవరో లాగుచున్నట్లు, ముందునకు సాగెను.

సూర్యాస్తమయవేళకు ఉయ్యాల దూలమున వ్రేలాడెను. సూరాంబ తన సగముననే కూర్చుండెను. బరువంతయు నొకవైపే యగుటచే నది వంకరగ నూగుచుండ, నడుమకు జరుగుమని మఱది యెంత చెప్పినను ఆమె జరుగలేదు.