పైడితల్లి ఫోన్‌లో పాత కుకీ

నేను ఒక కుకీని. నోరూరించుకోకండి, తినేది కాదు. వెబ్‌సైట్ మిమ్మల్ని మళ్లీ గుర్తుపట్టడానికి మీ ఫోన్‌లో పెట్టి వెళ్లే చిన్న చీటీని.

నన్ను విజయనగరంలో ఒక కిడ్నీ ఆసుపత్రి వెబ్‌సైట్ తయారుచేసింది. నా మీద ఒక పొడవాటి నంబరు, ఐదేళ్ల గడువు, అంతే. పైడితల్లి ఫోన్‌లో చేరాను. ఆమె భర్త అప్పలస్వామికి వారానికి రెండుసార్లు డయాలసిస్. ముందురోజు పొద్దున ఎనిమిదింటికి వెబ్‌సైట్‌లో మంచం బుక్ చేసుకోవాలి. ఫోన్ నన్ను చూపించేది, వెబ్‌సైట్ ఆమెను లోపలికి రానిచ్చేది. మూడేళ్లు అదే పని. విసుగూ లేదు, సంతోషమూ లేదు.

మొన్న ఆదివారం ఆసుపత్రివాళ్లు కొత్త వెబ్‌సైట్ కట్టించారు. అది కొత్త చీటీ పెట్టింది, దానికీ నా పేరే. ఫోన్ ఇద్దర్నీ పంపుతుంది, పెద్దరికానికి మర్యాదిచ్చి నన్ను ముందు నిలబెడుతుంది. వెబ్‌సైట్ ముందున్న చీటీనే చూస్తుంది, నా నంబరేమో అక్కడ చెల్లదు. దాంతో సోమవారం పొద్దున పైడితల్లి ఓటీపీ కొట్టిన ప్రతిసారీ మళ్లీ లాగిన్ పేజీయే వచ్చింది. అడ్డుపడింది నేనే. సిగ్గేమీ కలగలేదు.

ఎనిమిదిన్నరకు ఆమె హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. కొత్త వెబ్‌సైట్ కదా, ఆ వారమంతా దాన్ని రాసిన ఇంజనీరు నస్రీనే ఫోన్లు ఎత్తుతోంది.

"మా దగ్గర బాగానే వస్తోందండీ," అంది నస్రీన్. ఆ ముక్క ఇంజనీర్లందరికీ నోటికొచ్చు. "ఒకసారి కుకీలు క్లియర్ చేయండమ్మా."

పైడితల్లి ఎక్కడెక్కడో నొక్కి, భర్త ఫొటోలు రెండు చెరిపేసింది. నేను చెక్కుచెదరలేదు.

"నానేటి సేసేది తల్లీ? ఈ పేజీలో ఇంక మూడు మంచాలే ఉన్నాయంట. పోయినసారి ఒక్కరోజు తప్పితేనే ఆయనకి ఊపిరాడలేదు. కాళ్లూ మొకం ఉబ్బిపోనాయి."

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది.

"అమ్మా, ఫోన్ పెట్టేయకండి. మేం టెస్ట్ చేసిన ప్రతిసారీ ఇన్‌కాగ్నిటో విండోలోనే తెరుస్తాం. అందులో పాత కుకీలేవీ ఉండవు. ఇప్పుడు నా మామూలు విండోలో తెరిస్తే నాకూ మీలాగే అవుతోంది. తప్పు నాదేనండీ."

"తప్పు సంగతి తరవాత సూద్దాం. ముందు నువ్వు కానీ తల్లీ."

నస్రీన్ మార్చింది కోడ్‌లో ఒక్క వరుస. పావుగంటలో వెబ్‌సైట్ నుంచి నాకు కొత్త గడువు తేదీ వచ్చింది. నిన్నటి తేదీ. మమ్మల్ని తీసేయడానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు చెత్తలో ఉన్నాను. ఫోన్ ఊడ్చి పారేసేదాకా ఇక్కడే పడి ఉంటాను. నేను పక్కకు తప్పుకోగానే పైడితల్లి లోపలికి వెళ్లింది. కాసేపటికి ఏడుపు వినిపించింది.

"దొరికింది తల్లీ. ఆకరి మంచం."

మూడేళ్లు ఆమె నంబరు మోశాను, ఏనాడూ ఏమీ అనిపించలేదు. ఆ ఏడుపు విన్నాక మాత్రం, ఆమె మొహం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనిపించింది.